రోలు నంబరు అరవై ఒకటి

"అది మనిషిని చూసిందా?"

"లేదు మేడం."

"నాలుక చాపమనిందా? కాళ్ళ వాపు ఒత్తి చూసిందా?"

"దానికి చేతులు లేవు మేడం!"

"నీకు ఉండాయి కదమ్మా! రెండు ఉండాయి!"

నేను కంప్యూటర్లు చూసుకునే నర్సింగు కాలేజీ స్టాఫ్‌రూములో, ప్రింటరు విప్పుకోని కూర్చోనుంటే నా చెవినబడిన రచ్చ ఇది. అరిచేది కృపామణి మేడం. తిట్లు తినేది మూడో సంవత్సరం హేమశ్రీ. 'అది' అంటే ఫోన్లోని ఏఐ. మా మేడానికి ఒకటే పిచ్చి, ఎవురేం చెప్పినా "చూసిందా?" అంటాది. తిరుపతిలో వాన పడతాదని ఫోను చెప్తే, "అది తల బయటపెట్టి చూసిందా?" శ్రీకాళహస్తికి మ్యాపు దోవ చూపిస్తే, "అది ఆ దోవన పోయి చూసిందా?" ఒకసారి మ్యాపును కాదని, ఎవురో పెద్దాయన మాట నమ్మి బస్సెక్కించింది. శ్రీకాళహస్తికి బదులు అందురం నగరిలో తేలినాం. "కనీసం మనిషి చెప్పిన తప్పు కదప్పా!" అని సంతోషపడింది.

అట్లని ఏఐ మీద పగేం లేదు. హాజరుపట్టీలో దానికీ పేరు రాసింది, రోలు నంబరు అరవై ఒకటి. అది చెప్పిన జవాబులు నాచేత ప్రింటు తీయించి, ఎర్రింకుతో దిద్ది మార్కులేస్తాది. "తెలివైన పిల్లే. ఇంగ్లీషు బ్రహ్మాండం. వార్డుకు మాత్రం ఒక్కనాడూ రాదు!" రోగి పేరూ ఊరూ దాని చెవిన వేసినోళ్ళకు ఆ దినం ఆబ్సెంటే.

ఇంతకూ ఆ రచ్చ మునిరామయ్య గురించి. బంగారుపాళ్యం మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిజేస్తాడు, షుగరెక్కువై వార్డులో చేరినాడు. ఏం తినాలో ఫైల్లో ఇంగ్లీషులోనూ, ఆయనకు తెలుగులోనూ రాసిమ్మని మేడం అంటే, హేమశ్రీ ఏఐని అడిగి, సరిగ్గా చదవకుండానే ఆయన చేతికిచ్చేసింది. ఓట్సు, బ్రోకలీ, తాజా పండ్లు. మొదటి రెండూ ఆయనకు తెలీవు. మూడోది బాగా తెలుసు! ఇంటినుంచి గంపెడు మామిడిపండ్లు తెప్పించుకోని, రెండు దినాలు భక్తిగా తిన్నాడు. షుగరు నాలుగొందలు దాటింది. డాక్టరు చూసుకోబట్టి గండం గడిచింది.

ప్రిన్సిపాల్ ఏకాంబరం సార్ ఒకటే మాటన్నాడు. "ఆ పిల్ల ప్రాక్టికల్ ఫైలు మీద సంతకం పెట్టను. ఈ ఏడు పరీక్ష లేదు."

అంతసేపూ తిట్టిన మేడమే సార్ గదిలోకి దూరింది. ఆ గదిలో ప్రింటరు బాగానే ఉన్నా, నేనూ స్క్రూడ్రైవరు పట్టుకోని దూరినాను.

"తప్పు పెద్దదే సార్. మీరు ఆ పిల్లను చూసినారా?"

"రిపోర్టు చూసినానమ్మా."

"పిల్లను చూసినారా అంటుండా. తెలుగు మీడియంలో చదివొచ్చింది. ఇంగ్లీషులో ఒక పేజీ రాయాలంటే పదిసార్లు రాసి కొట్టేస్తాది. భయపడి దాని దగ్గిరికి పోయింది. మన దగ్గిరికి ఎందుకు రాలేదు సార్?"

సార్ ఫైలు దగ్గిరికి లాక్కున్నాడు. నేను డిగ్రీ మధ్యలో మానేసి ఇక్కడ పనికి చేరినప్పుడు అందురూ నా మార్కులే చూసినారు. "అన్నం తిన్నావా?" అని అడిగింది ఈమొక్కతే.

"మూడు దినాలు టైమిస్తా," అన్నాడు సార్ చివరికి. "ఏం తినాలో మళ్ళీ రాయమనండి."

హేమశ్రీ పొద్దుగూకేదాకా మునిరామయ్య మంచం పక్కనే కూర్చునింది. అప్పుడు తేలింది, ఫ్యాక్టరీలో ఆయన పనే గుజ్జు రుచి చూడటం! పేరు చెప్పకుండా ఆ సంగతీ, ఆయన తినే రాగిసంగటి సంగతీ ఏఐకి చెప్పి, అది ఇచ్చిందాంట్లో సగం కొట్టేసి, మిగతాది డాక్టరుకు చూపించి రాసింది. మేడం ఎర్రింకుతో పదికి ఏడేసింది.

"ఎవురికి మేడం? ఏఐకా, నాకా?"

"ఇద్దురికీ కలిపి. ఆరు నీవి."

సంతకం పడింది. మేడం నా దిక్కు తిరిగింది.

"బాలచంద్రా, బుధవారం క్లాసుకు రా నాయనా. రోగి మాదిరి మంచమ్మీద పండుకోవాల."

"నాకేం జబ్బు మేడం?"

"ఏదో ఒకటి పెట్టుకో. ఒక్క సంగతి మాత్రం లోపల దాచిపెట్టు. నీ మొగం చూసి అడిగినోళ్ళకే చెప్పు. ఫోను చూస్తా అడిగితే, చచ్చినా చెప్పొద్దు."