గట్టిగా ఆమేన్ అన్న ఆదివారాలు

మొదటిసారి కడుపు పోయినప్పుడు సంఘమంతా నా కోసం ఉపవాసం ఉంది. అందుకే, రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో, రెండోసారి నెల తప్పగానే నా నోరు ఆగలేదు. మూడో నెల వెళ్ళేదాకా ఎవరికీ చెప్పొద్దని కవిటి నుంచి మా అత్త కబురు పెట్టింది. అది అవిశ్వాసం అనుకున్నాను. దేవుడిచ్చినదాన్ని దాచుకోవడమేమిటని పలాసలో ఆదివారం ఆరాధనలో లేచి, ముసుగు సర్దుకుని, సాక్ష్యం చెప్పాను. ఆడవాళ్ళంతా స్తోత్రం, స్తోత్రం అన్నారు.

ఆ వారం తిరక్కుండానే అదీ పోయింది.

మేలు జరిగినవాళ్ళు లేచి చెప్పడం మా సంఘంలో అలవాటు. కీడు జరిగితే లేచి ఏమనాలో ఎవరూ నేర్పలేదు. మా ఆయన జీడిపప్పు బట్టీలో గుమాస్తా, నెమ్మదస్తుడు. "పోనీ, నాను సెప్పీనా?" అన్నాడు. "నువ్వూరుకో బావా" అని కసిరాను. గుడికి మానేస్తే వెతుక్కుంటూ ఇంటికొస్తారని పై ఆదివారం వెళ్ళి కూర్చున్నాను.

సంఘంలో ఒక పెద్దావిడ ఉండేది. జీడిగింజలు కొట్టి కొట్టి వేళ్ళు నల్లబడిపోయిన మనిషి. ఆవిడ ప్రార్థన మొదలుపెడితే పైన ఫ్యాను కూడా అలిసిపోవాల్సిందే. ఆఖరున నా వంతు వచ్చేది. "ఈ గుంట కడుపులో బిడ్డని కాయి తండ్రీ" అనేది. అందరూ ఆమేన్ అనేవారు. నేను అనకపోతే అనుమానం వస్తుందని అందరికన్నా గట్టిగా అనేదాన్ని. ఖాళీ కడుపు మీద చేతులు పెట్టుకుని దేవుడి ఇంట్లోనే అబద్ధమాడుతున్నానని చెవులు కాలిపోయేవి. పైగా ఆవిడ నెలలు మరిచేది కాదు. మూడు అంది, నాలుగు అంది. ఒకరు ఉసిరికాయ పచ్చడి ఇచ్చారు, ఇంకొకరు కొబ్బరి బొండాలు తెచ్చారు. సిగ్గులేకుండా తిన్నాను, తాగాను. ఇంటి దగ్గర మాత్రం మోకరించడం మానేశాను. ఏ మొహం పెట్టుకుని అడగను? అడిగి మటుకు ఏం దక్కిందని కోపం కూడా ఉండేది.

ఒక ఆదివారం ఆవిడ పాత చీరల బొంత ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పొత్తిళ్ళలో బిడ్డకి సరిపోయేంత బొంత. కుట్లన్నీ వంకరటింకరగా ఉన్నాయి. ఇక నా వల్ల కాలేదు.

సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. "బిడ్డ నేదు. నాను సెప్పిన వారమే పోయింది. సిగ్గేసి సెప్పనేదు" అన్నాను. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుణ్ణనిపించింది.

పెద్దావిడ నన్ను తేరిపార చూసింది. "అయితే ఇన్నాళ్ళూ నాను ఎవుల కోసం పార్దన సేసినానే గుంటా?" అంది. దెప్పిపొడవడం కాదు, నిజంగానే అడిగింది. బొంత తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు.

"ఉంచు. ఇటొచ్చి కూకో" అని చాప మీద తన పక్కన చోటిచ్చింది. నల్లటి చెయ్యి నా తల మీద పెట్టి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి నెలలు లేవు. "తండ్రీ, ఈ గుంటకి ఒక బిడ్డనియ్యి" అంది, ఇంతకుముందు ఎన్నడూ అడగనట్టు.

అందరూ ఆమేన్ అన్నారు. నేను అనలేదు. ఆవిడ చెయ్యి తియ్యలేదు. నేను అనేదాకా అలాగే ఉంచింది.