“నైట్రోజన్‌తో చూశాను మేడమ్”

మా గైడ్ మేడమ్ పోయారని మొన్న ఆదివారం ఆవిడ చెల్లెలు ఫోన్ చేశారు. మద్దిలపాలెంలో భీమిలి బస్సెక్కాను. సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు తోటివాళ్లు. అవి రాసే ముందు మీకు నా సంగతి చెప్పాలి.

నేను ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను. పొగలో పోయే కార్బన్ డయాక్సైడ్‌ను కరెంటుతో ఆల్కహాల్‌గా మార్చే ఉత్ప్రేరకం తయారుచేయాలని మేడమ్ దగ్గర పరిశోధనలో చేరాను. ఆవిడ భీమిలి జాలర్ల ఇంటి బిడ్డ. ల్యాబ్‌లోనూ ఇంటి యాసే. సిలిండర్ వాల్వు ఎవరు కట్టినా, వెళ్లే ముందు తనొకసారి తిప్పి చూసేవారు. “రాకపోతే రాలేదని రాయండి. అందులో సిగ్గేటి?” అనేవారు.

మూడో ఏడు నేను ఉత్ప్రేరకంగా చేసిన రాగి పొడితో ఆల్కహాల్ వచ్చింది, అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. “నైట్రోజన్‌తో సూసినావా, అమ్మలూ?” అని అడిగారు. కార్బన్ డయాక్సైడ్ బదులు నైట్రోజన్ పంపినా ఆల్కహాల్ వస్తే, అది ఉత్ప్రేరకం చేసింది కాదన్నమాట. నేను చూడలేదు. పేపర్ పంపే తొందరలో ఉన్నాను. “చూశాను మేడమ్” అన్నాను.

పేపర్ అచ్చయింది. ఏడాది తిరక్కుండా మేడమే ఆ పరీక్ష చేశారు. నైట్రోజన్‌తోనూ ఆల్కహాల్ వచ్చింది. పొడిని కరెంటు పంపే ప్లేటుకి అంటించడానికి నేను వాడిన జిగురులోదే అది. నన్ను పిలిచి, “నువ్వు సూసినప్పుడు రాలేదేటి?” అన్నారు.

“రాలేదు మేడమ్.”

ఆవిడ కాసేపు నా వైపు చూసి, “సర్లే” అన్నారు.

పేపర్ వెనక్కి తీసుకున్నారు. డిపార్ట్‌మెంట్ మీటింగ్‌లో లేచి, “దగ్గరుండి సూడాల్సింది నాను. సూడలేదు. తప్పు నాదే” అన్నారు. ఎవరో నవ్వారు. నేను మూడో వరసలో పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను. ఆ తర్వాత రెండేళ్లు ఆవిడ దగ్గర కొత్తవాళ్లెవరూ చేరలేదు. పక్కన స్టూలేసుకుని కూర్చుని, నాతో మొదటినుంచీ అన్నీ మళ్లీ చేయించారు. వచ్చింది కొంచెమే, కానీ నిజంగా వచ్చింది. ఈరోజు నేను పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ రెండేళ్ల చలవే.

భీమిలిలో వాళ్ల చెల్లెలు నన్ను గుర్తుపట్టారు. “నీ గురించి అడిగితే, ఏదో ఒకరోజు అదే వచ్చి సెప్తాదిలే అనీది అక్క. ఏటమ్మా అది?”

అరుగు మీద కూర్చుని మొత్తం చెప్పాను. నైట్రోజన్ సంగతి ఆవిడకి ఎంత అర్థమైందో తెలీదు. చివరిదాకా విన్నారు. “అక్కకి సెప్పాల్సింది కదమ్మా” అని లోపలికి వెళ్లిపోయారు.

పెరట్లో తీగ మీద మేడమ్ ల్యాబ్ కోటు ఆరుతోంది. యాసిడ్ పడి చేతుల దగ్గర చిల్లులు. సముద్రపు గాలికి ఆ చేతులు లేస్తున్నాయి, వాలుతున్నాయి. ఇంక ఎవరి కోసం ఉతికారో అడగలేకపోయాను.