అద్దాల గదిలోని కంప్యూటర్

హోసూరులో మోటారు విడిభాగాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఎనభైలు ముగింపుకొస్తున్నాయి. కృష్ణగిరిలో టైపు పాసై, అక్కడే కంప్యూటర్ కూడా నేర్చుకున్నాను. రోజూ రాయకోట నుంచి హోసూరుకు బస్సులో వచ్చిపోయేదాన్ని.

నేను చేరిన కొత్తలోనే ఓనరు రెండు కంప్యూటర్లు కొన్నాడు. ఒకటి పేరున్న విదేశీ కంపెనీది. రెండోది బెంగళూరులో ఎవరో ముక్కలు తెచ్చి బిగించినది. మొదటిదాని ధరకు ఇలాంటివి నాలుగు వస్తాయని ఆయనే చెప్పాడు. ఖరీదైనది ఆయన అద్దాల గదిలోకి వెళ్ళింది. చౌకది నా బల్ల మీదికి వచ్చింది.

నా దాని తెర మీద పచ్చటి అక్షరాలు ఎప్పుడూ వణుకుతుండేవి. కొన్ని మీటలు గట్టిగా గుద్దితే తప్ప పడేవి కావు. కరెంటు కాస్త తగ్గితే చాలు, చేసిన పనంతా పోయేది. మధ్యాహ్నానికి కళ్ళు మండేవి. సాయంత్రం బస్సులో కళ్ళు మూసుకుంటే రెప్పల లోపల కూడా ఆ అక్షరాలే వణికేవి. కృష్ణగిరిలో కళ్ళ డాక్టరుకు చూపిస్తే, "ఆ మిషనన్నా మార్చు, పనన్నా మార్చు తల్లీ" అన్నాడు.

అద్దాల గదిలోని దానికి పూల గుడ్డ కప్పి ఉండేది. ఓనరుకు దాన్ని ఆన్ చేయడం కూడా రాదు.

ఒకరోజు మద్రాసు నుంచి మా సరుకు కొనే పెద్ద కంపెనీ వాళ్ళు వచ్చారు. కంప్యూటర్ పని చేయించి చూపించమన్నారు. ఓనరు నన్ను పిలిచాడు. మొదటిసారి దాని ముందు కూర్చున్నాను. అక్షరాలు కాగితం మీద అచ్చేసినట్టు నిలకడగా ఉన్నాయి. మీటలు వేలు ఆనిస్తే చాలు, పడుతున్నాయి. అరగంట పని చేసినా కళ్ళు మండలేదు. ఎక్కువ డబ్బు పోసి కొన్నవన్నీ ఆడంబరానికే అని అంతవరకు నన్ను నేను ఊరడించుకుంటూ వచ్చాను. ఆ ఊరట కూడా పోయింది. అది దాని ధరకు అక్షరాలా తగిన వస్తువు. నాకు ఒళ్ళు మండింది అందుకే.

వాళ్ళు వెళ్ళగానే ఓనరు, "ఇంక లేయమ్మా, గుడ్డ కప్పు" అన్నాడు.

"సార్, నేను దీంట్లో పని చేస్తాను. నా మిషన్ ఈడ పెట్టుకోండి. గుడ్డ కప్పితే రెండూ ఒకటే మాదిరి కనపడతాయి."

ఆయన నవ్వాడు. "దీనికి ఎంత పోసినానో తెలుసా నీకు? దినమంతా కొడతా ఉంటే అరిగిపోదా?"

"నా కండ్లు అరిగిపోతా ఉండాయి సార్."

"అద్దాలు వేసుకోమ్మా. నీ వయసులో ఎంతమంది వేసుకోలేదు?"

నేను గుడ్డ కప్పి వచ్చేశాను.

ఆ నెలాఖరున జీతాల పట్టీ సగం కొట్టాక కరెంటు తగ్గింది. అంతా పోయింది. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ పోయింది. జీతాల కోసం మనుషులు తలుపు దగ్గర నిలబడ్డారు. వాళ్ళలో ఒకావిడ, "ఏమ్మా, పని లేకుండా సుమ్నే కూసోని ఏం చేస్తా ఉండావు?" అని అడిగింది. ఓనరు బెంగళూరు వెళ్ళి ఉన్నాడు. నేను లేచి అద్దాల గదిలోకి పోయి, గుడ్డ తీసి కింద పడేసి కూర్చున్నాను. ఆ మిషన్‌కు బ్యాటరీ తగిలించి ఉంది కాబట్టి కరెంటు ఎన్నిసార్లు తగ్గినా అది ఆగలేదు. సాయంత్రానికి అందరూ జీతాలు తీసుకుని వెళ్ళారు.

మర్నాడు ఓనరు వచ్చి నేల మీది గుడ్డ చూశాడు. "నన్ను అడక్కుండా దాన్ని ఎందుకు ముట్టుకున్నావు?"

"మీరు పని కోసం కొన్నారనుకున్నాను సార్."

"ఎదురు చెప్తావా? రేపటి నుంచి ఆ రూముకు బీగం వేస్తాను."

"ఎవురు పని చేస్తారో వాళ్ళకి చౌకది. ఎవురు చూస్తారో వాళ్ళకి మంచిది. మీ న్యాయం మీ దగ్గరే పెట్టుకోండి సార్. నేను పోతా ఉండాను."

ఆయన నన్ను ఆపలేదు.

కొన్నాళ్ళకు కృష్ణగిరిలో ఇంకో ఆఫీసులో చేరాను. అక్కడి మిషన్ అంత ఖరీదైనది కాదు, కానీ తెర మంచిది. కొనే ముందు నన్ను కూర్చోబెట్టి చూపించి కొన్నారు. చౌక వస్తువంటే నాకు పగ లేదు. దాని ముందు ఎప్పటికీ కూర్చోని మనిషి దాన్ని ఇంకొకరి కోసం ఎంచడమే నాకు గిట్టదు.

ఏడాది తర్వాత అనుభవ పత్రం కోసం హోసూరు వెళ్ళాను. అద్దాల గదికి తాళం ఉంది. నా బల్ల దగ్గర జవళగిరి వైపు నుంచి వచ్చిన కొత్త అమ్మాయి, తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని కొడుతోంది.

"కండ్లు మండవా?" అని అడిగాను.

"అలవాటయిపోయిందక్కా" అంది, తెర మీది నుంచి చూపు తిప్పకుండానే.

అలవాటు కానివ్వొద్దని ఆ అమ్మాయికి గట్టిగానే చెప్పాను. లోపలున్న ఓనరుకు వినపడేంత గట్టిగా.