ఫలజ్ ఒడ్డున రఫీక్ వాకిలి

డెబ్బై ఎనిమిదిలో, అరబ్బు దేశంలో పనిచేసేటప్పుడు, ఒక శుక్రవారం పొద్దున ఆరున్నరకు బౌషర్‌లోని మా రూమ్ నుంచి రుస్తాఖ్ బయలుదేరాం. అసలు ప్రయాణం రఫీక్‌ది. సైట్‌లో నాతో పాటు తాపీ పని చేసే రఫీక్‌ది చిట్టగాంగ్ వైపు, నది సముద్రంలో కలిసేచోట ఒక దీవి. అక్కడ ఒడ్డు కోసుకుపోతోందని విన్నప్పటి నుంచి అతనికి ముద్ద దిగడం లేదు. ఆ ఊరి మనిషి ఒకడు కొత్తగా వచ్చి రుస్తాఖ్‌లో ఖర్జూరం తోటలో చేరాడట. ఇల్లు ఉందో పోయిందో అతన్నే అడగాలి. ఒక్కడినే వినలేనంటే వెంట వెళ్లాను.

పికప్ బండి వెనక మనిషికి ఒక రియాల్. బర్కాలో ఆపితే నేను రొట్టె తిన్నాను, రఫీక్ ఉత్త టీ తాగాడు. బండిలో కామారెడ్డి కుర్రాడొకడు సంగతంతా నన్నడిగి తెలుసుకున్నాడు.

"ఇల్లు వోతే మల్ల కట్టుకుంటడు గదనే అన్నా, గింత రంది దేనికి?"

"ఇల్లొక్కటే గాదు తమ్మీ, కింద జాగ సుత పోతది."

కుర్రాడు జేబులోని బీడీ కట్ట తీసి రఫీక్ చేతిలో పెట్టాడు.

పదిన్నరకు తోట చేరాం. కొత్తగా వచ్చినతను రఫీక్‌ను చూడగానే తల దించుకున్నాడు. రఫీక్ భార్యా పిల్లలు క్షేమమేనట, బావమరిది ఇంట్లో ఉన్నారట. ఇల్లూ, చెరువూ, పోకచెట్లూ నీళ్లలో కలిశాయి. రఫీక్ ఏడవలేదు. ఫలజ్ దగ్గర, అంటే తోటకు నీళ్లు తెచ్చే కాలువ దగ్గర, చాలాసేపు మొహం కడుక్కున్నాడు. 

నమాజు తర్వాత, చుట్టుపక్కల పనిచేసే రఫీక్ ఊరివాళ్లు ఇరవై మంది దాకా కాలువ గట్టున వరుసగా కూర్చున్నారు. అన్నం, పప్పు, ఎండుచేపల కూర. వరుస మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. మేస్త్రీ బుద్ధి ఎక్కడికి పోతుంది, సందు కనిపిస్తే పూడ్చడమే. వెళ్లి కూర్చున్నాను.

పక్కాయన నా మోచేయి పట్టుకుని హిందీలో మెల్లగా అన్నాడు: "భాయ్, అది రఫీక్ వాకిలి."

వాళ్ల ఊళ్లో కాలువ వెంట ఎవరి ఇల్లు ఎవరి పక్కన ఉందో, ఇక్కడ ప్రతి శుక్రవారం అదే వరుసలో కూర్చుంటారట. సిగ్గుపడి లేచాను.

రఫీక్ అటు రాలేదు. "నాకింకా వాకిలెక్కడిది?" అంటూ వరుస చివరికి నడిచాడు.

వడ్డిస్తున్న కాసిం చాచా, వాళ్లందరికీ పెద్ద, గరిటె ఆపాడు. నాకూ తెలియాలనేమో, హిందీలోనే అన్నాడు: "అక్కడ నీళ్లు తీసుకున్నది చాలదా? ఇక్కడిది మన చేత్తో మనమే ఇచ్చేద్దామా? రా బేటా, నీ ఇంటి ముందు కూర్చో."

రఫీక్ వచ్చి కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాడు. అటువైపు పొరుగాయన చేప ముక్క తీసి అతని పళ్లెంలో వేశాడు. వారం రోజులుగా సరిగా తినని మనిషి కడుపునిండా తినడం అప్పుడే చూశాను.

నాలుగింటికి తిరుగు బండి ఎక్కాం. దారంతా రఫీక్ తన ఊరి ఇళ్లు ఒక్కొక్కటే చెబుతూ వచ్చాడు, నేను వింటూ వచ్చాను. ఆ ఊరు చూడాలనుకునేవారు శుక్రవారం ఒంటిగంటకల్లా రుస్తాఖ్ తోటకు చేరుకోవాలి. ఆలస్యం చేయకూడదు. భోజనాలు ముగిసేదాకే అది అక్కడ ఉంటుంది.