కంఠతా వచ్చిన నంబరు

2021 మార్చి 24, బుధవారం, ఉదయం 11:20. ఐర్లండ్‌లోని కార్లో పట్టణానికి వెళ్ళే బస్సులో, కరోనా దూరం పాటిస్తూ, ఒక రోహింగ్యా అమ్మాయి నాకు అటువైపు సీట్లో కూర్చుంది. బంగ్లాదేశ్ శిబిరంలో సోమవారం మంటలు రేగి వాళ్ళమ్మ గుడిసె కాలిపోయిందని హిందీలో చెప్పింది.

"దుప్పట్లు పంపనా?" అన్నాను.

"అవి ఎవరో ఒకరు ఇస్తారు ఆంటీ. అమ్మను ఇక్కడికి రప్పించాలంటే అర్జీలో ఆమె శరణార్థి కార్డు నంబరు వేయాలి. కార్డు కాలిపోయింది. నంబరు నాకు కంఠతా వచ్చు. నా దగ్గర పెన్ను లేదు, మీరు రాసిపెడతారా?"

రాశాను. అలవాటు కొద్దీ, "సరిచూద్దాం, మళ్ళీ చెప్పమ్మా," అన్నాను.

ఈసారి చివరి అంకె మారింది. మూడోసారి ఇంకోటి చెప్పింది.

"ఇందాకటి దాకా గుర్తుంది ఆంటీ," అంది.

పోయినవి: గుడిసె ఒకటి, కార్డు ఒకటి, అంకె ఒకటి.