బ్యాంకు వారి వరండా

మొన్న విజయనగరం మార్కెట్లో ఒకతను గోనెసంచి మూతి విప్పి పసుపు కొమ్ములు కింద పోశాడు. ఉడకబెట్టి ఎండేసిన కొత్త పసుపు. మట్టి వాసనా పొగ వాసనా కలిసిన ఆ ఘాటు తగలగానే బేరం మరిచిపోయి నిలబడ్డాను. అరకు దగ్గర నేను అద్దెకున్న ఇంటి పెరట్లో చలికాలం చివర ఇదే వాసన ఉండేది. పెద్ద డేగిశాలో పసుపు ఉడుకుతుంటే, కొంగు నడుముకు దోపుకుని కర్రతో కలియబెడుతూ చిలకమ్మ సిస్టర్ ఉండేవారు. ఆవిడ పోయి మూడు నెలలైంది. ఆవిడ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అప్పును అంత సంతోషంగా తీర్చిన మనిషిని నేను మరొకరిని చూడలేదు కాబట్టి రాస్తున్నాను.

తొంభైల మధ్యలో నేను ఆ ఊరికి టీచరుగా వెళ్లాను. సిస్టర్‌ది ఆ ఊరే. ఆ చుట్టుపక్కల కొండ ఊళ్లలో మొదట నర్సు చదువు చదివింది ఆవిడే. తండ్రి ఇచ్చిన స్థలం పట్టా బ్యాంకులో తాకట్టు పెట్టి, ఆ అప్పుతో సిమెంటు ఇల్లు కట్టించారు. వంటిల్లు, రెండు గదులు, ముందు వరండా. ఒక గదిలో ఆవిడా, భర్త బలరాం గారూ ఉండేవారు. రెండోది నాకు అద్దెకిచ్చారు. ఆవిడ చిన్నప్పుడు తండ్రి ఒక సావుకారు దగ్గర మెట్టపొలం తాకట్టు పెడితే అది తిరిగి రాలేదు. అందుకని ఉద్యోగం ఉన్నంతలో అప్పు తీర్చి పట్టా ఇంటికి తెచ్చుకోవాలన్నది ఆవిడ పట్టుదల. ఇది ఆవిడ ఒకే ఒకసారి చెప్పారు, అదీ చిక్కుడుకాయలు ఒలుస్తూ, మరెవరి సంగతో చెబుతున్నట్టు.

ఇల్లు మొత్తానికి ఒకటే బల్బు. దానికి పొడుగాటి వైరు. వంట వేళ వంటింట్లో, తర్వాత వాళ్ల గదిలో, ఎవరైనా చుట్టం వస్తే ఆ చుట్టం పక్కన వేలాడేది. నేను పుస్తకాల పెట్టెతో వచ్చినదాన్ని. రాత్రిళ్లు ఒంటరిగా చదువుకుందామని వచ్చాను. నా గదికి మరో బల్బు కొనుక్కుంటానన్నాను.

"ఏటి టీచరమ్మా, మనం ముగ్గురం. ఒక్క దగ్గిర కూకుంటే ఒక్క దీపం సాలదా?"

చాలింది. ఆవిడ మిరియాలు గుత్తుల నుంచి రాలుస్తుంటే, బలరాం గారు రేడియో విప్పి మళ్లీ బిగిస్తుంటే, మధ్యలో కూర్చుని నేను నవల పైకి చదవాల్సి వచ్చింది. సిస్టర్ శ్రద్ధగా వినేవారు. కథానాయకుడు కష్టాల్లో పడ్డప్పుడల్లా ఆయన ఆదాయమెంతో అడిగేవారు. ప్రేమలో విఫలమైన ఒక జమీందారు కోసం నేను చదవడం ఆపి కళ్లు తుడుచుకుంటే, ఆవిడ, "అంత తోట ఉంది గదా, మిరియం తీగలెక్కించుకోవచ్చు. పని ఉంటే ఏడుపు తగ్గును" అన్నారు. అప్పటి నుంచి నేను ఏ విషాద నవలా ఇదివరకటిలా చదవలేకపోయాను.

పొయ్యి కూడా అంతే. పొద్దున ఒకసారి వెలిగిస్తే రాగి అంబలి, దాని మీద పప్పు, తర్వాత స్నానాల నీళ్లు, చివరకు బూడిదలో దుంపలు. నిప్పు ఊరికే కూర్చోవడం ఆవిడకు నచ్చదు. గోడ గడియారం లేదు. లోయలోంచి వచ్చే రైలు కూతే గడియారం. వర్షాల్లో పట్టాల మీద బండరాళ్లు పడి రైలు ఆగిపోతే మా మధ్యాహ్న భోజనమూ ఆగిపోయేది. ఒకసారి సాయంత్రమైపోతోందని నేను గొణిగితే బలరాం గారు, "రైలే రానేదు గదమ్మా" అని నన్నే ఓదార్చారు.

ఆయన అడవి కాపలాదారు. ఆయనకు కలర్ టీవీ మీద మనసు. సంతరోజున ఒక కొట్టు ముందు నిలబడి చూసి వచ్చి రెండు రోజులు దాని గురించే మాట్లాడేవారు.

"దాన్లో ఏటి సూపిత్తారు?" అని అడిగారు సిస్టర్.

"పాటలు. ఈరోయినూ ఈరోవూ కొండల్లో పరిగెడతారు. జలపాతాలు, పువ్వులు..."

"ఏ కొండలవి?"

ఆయన గొంతు తగ్గించి, "మనవే. మొన్న అరకులో తీసిన పాట" అన్నారు.

సిస్టర్ లేచి కిటికీకి అడ్డంగా కట్టిన వెదురు తడికను పక్కకు జరిపారు. బయట పసుపుపచ్చగా వలిసెల పూలు కొండ దాకా ఉన్నాయి. "సూసుకో. కరెంటు కూడా అక్కర్నేదు" అన్నారు. బలరాం గారు చాలాసేపు చూసి, "ఈరోయిన్ నేదు" అన్నారు. సిస్టర్ కిటికీ పక్కనే నిలబడి ఉన్నారు. ఆ పూట ఆయనకు దుంపలు దొరకలేదు.

ఆ ఊళ్లో ఎవరైనా ఇల్లు కట్టుకుంటే ఊరంతా వచ్చి చేయి వేస్తుంది. కూలి తీసుకోరు. ఇల్లు పూర్తయ్యాక ఆ ఇంటివాళ్లు ఊరిని లోపల కూర్చోబెట్టి, అడ్డాకుల విస్తళ్లలో మేకమాంసంతో అన్నం పెట్టాలి. ఊరు తిన్న రోజునే ఆ ఇల్లు వాళ్లదవుతుంది. సిస్టర్ ఇంటి గోడలకూ ఊరు నీళ్లు మోసింది, ఇసుక మోసింది. విందు మాత్రం జరగలేదు. ఊరి పెద్దను అక్కడ నాయుడు అంటారు. ముసలి నాయుడు తాత దారిలో కనిపించినప్పుడల్లా అడిగేవాడు.

"సిస్టరమ్మా, మేకెప్పుడు?"

"ఇల్లు నాది కాదు తాతా, బేంకుది. నాదైన్నాడు పెడతాను."

ఆవిడ తప్పించుకోవడానికి అనలేదు. నిజంగానే అలా అనుకునేవారు. తీరని అప్పు మీద విందు చేస్తే అది ఊరికి అబద్ధం పెట్టినట్టే ఆవిడ లెక్కలో. నాయుడు తాత ఆ మాటను ఇంటికి తీసుకెళ్లి ఆలోచించాడు. ఇల్లు బ్యాంకుదైతే మేక పెట్టాల్సింది బ్యాంకు. ఊళ్లో అందరికీ ఇది న్యాయంగానే తోచింది.

చైత్రంలో అక్కడ ఇటుకల పండుగ. మగవాళ్లు వేటకు అడవిలోకి వెళితే, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పట్టి, పాటలు పాడి, వచ్చే బండ్లను ఆపి డబ్బు పుచ్చుకుంటారు. ఆ ఏడు బొంగు ఒక కొస నాకిచ్చారు. బస్సులు, జీపుల తర్వాత ఒక మోటారుసైకిలు వచ్చింది. ఇల్లు తనిఖీ చేయడానికి వస్తున్న బ్యాంకు ఫీల్డ్ ఆఫీసరు. మైదానం నుంచి వచ్చిన కుర్రవాడు. నవ్వుతూ జేబులో చేయి పెట్టాడు. రోడ్డు పక్క రాతి మీద కూర్చున్న నాయుడు తాత చెయ్యెత్తాడు.

"డబ్బులుండనీ. నువ్వు బేంకోడివేనా?"

"అవునండి."

"సిస్టరమ్మ ఇల్లు నీదేనా?"

ఆఫీసరు ఓపికగా తాకట్టు అంటే ఏమిటో వివరించాడు. అప్పు తీరేదాకా ఇంటి మీద హక్కు బ్యాంకుకు ఉంటుందన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు.

"అయితే మేకేది?" అన్నాడు తాత.

"ఏ మేక?"

"గోడలెత్తింది మేము. ఈ గుంటడికి ఏటీ తెలీదు పాపం" అంది బొంగు రెండో కొస పట్టుకున్న ఆమె. ఇంకొకామె, "వడ్డీ నువ్వే తింటావు, అన్నమూ పెట్టవు. ఎలాగ?" అంది. బొంగు దిగలేదు. నేను దించుదామని చూశాను గానీ రెండో కొస నా చేతిలో లేదు.

అప్పుడు టీకాల పెట్టె భుజాన వేసుకుని సిస్టర్ వచ్చారు. ఆఫీసరు ముఖంలోకి ప్రాణం వచ్చింది. "సిస్టర్, ఇంటి యజమానిని నేనని మీరు చెప్పారట?"

"మరి కాదా సార్? పట్టా మీ బీరువాలో ఉంది."

ఆయన పర్సు తీసి నోటు ఇచ్చి, ఆఫీసు ఖర్చులో రాసుకోవడానికి రసీదు ఇస్తారా అని అడిగాడు. ఆడవాళ్లు ఆయన చుట్టూ తిరిగి ఒక పాట మొత్తం పాడారు. అదే రసీదు అన్నారు. మరుసటి ఏడు ఆయన జాగ్రత్తపడదామనుకున్నాడు. కానీ ఆ పండుగ రోజు ఊరి పూజారి నిర్ణయిస్తాడు, ఏ క్యాలెండరులోనూ ఉండదు. మళ్లీ దొరికిపోయాడు.

ఏళ్లు గడిచాయి. ఒకసారి వాళ్లు పెరట్లో పండించే కాఫీ గింజల ధర పడిపోయింది. ఆ ఏడు కొత్త చీర బదులు పాత చీరనే తిరగేసి అంచు కుట్టుకుని, అందరికీ చూపించి మురిసిపోయారు సిస్టర్. కిస్తీ మాత్రం ఆగలేదు. రిటైర్మెంటు ఇంకొంచెం దూరంలో ఉందనగా, వానాకాలంలో నాయుడు తాతకు జ్వరం తగులుకుంది. రోజూ వెళ్లి సిస్టరే మందులిచ్చేవారు. ఒకరోజు ఆయన మాత్ర ఉమ్మేసి గోడవైపు తిరిగాడు.

"ఆ ఇంటికి మొదటి రాయి నేనెట్టాను. మెతుకు తినకుండా పోతన్నాను."

ఇంటికొచ్చి ఆవిడ వంట దించి, నిప్పు మీద మరేమీ పెట్టడం మరిచిపోయారు. విందు పెడితే ఆ నెల కిస్తీ పోతుంది, పైగా ఇల్లు ఇంకా తనది కాదు. పెట్టకపోతే ముసలాయన అలాగే వెళ్లిపోతాడు. మర్నాడు నన్నడిగారు.

"టీచరమ్మా, నువ్వు పిల్లలకి లెక్కలు సెప్తావు గదా. ఈ ఇంట్లో ఇప్పటికి మనదెంత?"

కట్టినదీ మిగిలిందీ వేసి చూశాను. మిగిలిన బాకీ ఇంచుమించు వరండా విలువ ఉంటుందన్నాను.

"అంటే వంటిల్లు మనదే?"

"మీదే."

"రెండు గదులూ?"

"అవీ మీవే."

ఆవిడ లేచి ఒక్కొక్క గోడనూ చేత్తో తడుముతూ ఇల్లంతా తిరిగి, వరండా గుమ్మం దగ్గర ఆగిపోయారు. తర్వాత గొడుగు తీసుకుని నాయుడు తాత ఇంటికి వెళ్లారు.

విందు ఆ ఆదివారం. మేక లేదు. గుమ్మడికాయ, చిక్కుళ్లు, ఎండుచేపలు. అవీ సగం ఊరే తెచ్చింది. బయట వాన. ఊరంతా వంటింట్లోనూ రెండు గదుల్లోనూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది. ఒకరి విస్తరిలో ఇంకొకరి చెయ్యి. వరండా మాత్రం ఖాళీ. ఎవరైనా అటు జరగబోతే సిస్టర్, "అది బేంకుది, బేగి లోపలికి రండి" అని కేకేసేవారు. నేను ఫీల్డ్ ఆఫీసరుకు కబురంపాను, వస్తాడనుకోలేదు. తడిసి ముద్దై వచ్చాడు. మోటారుసైకిలు హ్యాండిల్‌కి ఒక కోడి వేలాడుతోంది.

"నా వాటాకి ఇంతే వస్తుందండి" అన్నాడు.

సిస్టర్ ఆయనకు వరండాలో విస్తరి వేశారు. ఇంటి యజమాని హోదాలో ఆయన వానజల్లు పడుతుండగా ఒంటరిగా కూర్చుని భోంచేశాడు. పిల్లలు కిటికీ తడిక పక్కకు జరిపి ఆయన్నే చూశారు. పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని కూర్చున్న నాయుడు తాత తిని, మళ్లీ పెట్టించుకుని తిని, ఆ కోడి ఉడికాక తొడముక్క అడిగి తిన్నాడు. వారం తిరిగేసరికి లేచి తిరిగాడు.

ఆ తర్వాత సిస్టర్ వరండాలో కూర్చోలేదు. దాటి లోపలికి వెళ్లేవారు, అంతే. రిటైర్మెంటుకు కొంచెం ముందే చివరి కిస్తీ కట్టి పట్టా తెచ్చుకున్నారు. ఆ సాయంత్రం బలరాం గారి పక్కన వరండా గట్టు మీద కాళ్లు వేలాడేసి కూర్చున్నారు. కాసేపటికి నాయుడు తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి, "మరి దీనికి మేకెప్పుడు?" అన్నాడు. ఈసారి మేకే కోశారు.

నేను బదిలీ మీద విజయనగరం వచ్చి, అప్పు చేసి ఇల్లు కొన్నాను. మొదట్లో కిస్తీ కట్టిన రోజు మనసు బాగుండేది కాదు. తర్వాత ఆవిడ పద్ధతి పట్టుబడింది. బాకీ చూసి, ఈ ఏడు ఏది మాదైందో లెక్కేసుకుంటాను. స్నానాల గది మాదైనరోజు తలుపు రెండుసార్లు తీసి వేశాను. ఆ కబురు ఫోనులో చెబితే సిస్టర్ పడిపడి నవ్వారు. మూడు నెలల కిందట వంటిల్లు మాదైంది. చెబుదామని ఫోను చేస్తే బలరాం గారు ఎత్తారు.

"సిస్టర్ నేదమ్మా. నిన్ననే సాగనంపినాము" అన్నారు.

తర్వాత ఆయనే, "ఏటి, ఈసారి ఏ గదొచ్చింది?" అని అడిగారు.

"వంటిల్లండి."

"మీకు వరండా ఉందా?"

"చిన్నది ఉందండి."

"అది ఆఖర్న ఉంచుకో అమ్మా. కూకోడానికి బాగుంటాది."