తెర పక్క నూకయ్య

నూకయ్యకి తెలుగు చదవడం వచ్చు. అదే ఆయన కొంప ముంచింది.

పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లకేం కొదవ లేదు. డాలీగంజ్‌లో ఒక్క కేక వేస్తే నలుగురు పలుకుతారు. చదివేవాళ్లే కరువు. నూకయ్య చిన్నప్పుడు తెలుగు బడికి వెళ్లాడు. ఆయన వెనకవాళ్లంతా హిందీ బడికీ ఇంగ్లీషు బడికీ వెళ్లిపోయారు. అందుకని ఇక్కడి తెలుగువాళ్ల నాటకబృందం ఏటా ఉగాదికి నాటకం వేసేటప్పుడు, నూకయ్య చదివి చెబితే ఎవరి మాటలు వాళ్లు హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు. అసలు పుస్తకం పట్టుకుని తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్లకి మాట అందించే మనిషి మాత్రం ఒక్కడే. ఇరవై రెండేళ్లుగా ఒక్కడే.

ఆ ఒక్కడికీ వేషం కట్టాలని ఉంది. ఏదో సరదాకి కాదు, ప్రాణం కొట్టుకుపోయేంత. ఆయనది ఫెర్రీ మీద లస్కరు పని. పొద్దస్తమానం మోకు విసరడం, కట్టడం, విప్పడం. ఆ మోకు చుడుతూనే నాటకంలో అందరి మాటలూ తనలో తాను చెప్పుకునేవాడు. ఏటా బృందం కార్యదర్శి గోపినాథ్‌ని అడిగేవాడు. గోపినాథ్ దగ్గర జవాబు ఒకటే.

"యేషం ఎవుడైనా కడతాడు భయ్యా. సదివేవోడివి నువ్వొక్కడివే గదా. నువ్వు స్టేజీ ఎక్కేస్తే ఈళ్లకి మాట ఎవుడందిస్తాడు?"

ఇదేం న్యాయమో మీరే చెప్పండి. చదువు రానివాళ్లంతా వెలుగులో నిలబడాలట, వచ్చినవాడు చీకట్లో నిలబడాలట. నూకయ్య మటుకు "జానే దో", పోనీలే, అనేసి వచ్చేవాడు. దీవుల్లో పుట్టినవాడికి ఆశ చెడితే నోటికి ముందుగా వచ్చేది ఆ మాటే. ఎదుటివాడికి హాయిగా ఉంటుంది. అన్నవాడి లోపల మాత్రం ఏదీ పోదు. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ కూర్చుంటే భార్య చిన్నమ్మి ఇట్టే కనిపెట్టేసేది.

"మల్లీ నేదన్నాడేటి మావా?"

"జానే దో" అని కంచం జరిపేసేవాడు.

మూడేళ్ల కిందట ఆయనకో ఉపాయం తట్టింది. తమ్ముడి కూతురు సుష్మ వీళ్లుండే ఆస్టినాబాద్‌లోనే వెనక వీధిలో ఉంటుంది, గోల్ ఘర్‌లో మందుల షాపులో పని చేస్తుంది. దానికి తెలుగు నేర్పేస్తే పుస్తకం దాని చేతిలో పెట్టి తను దర్జాగా స్టేజీ ఎక్కొచ్చు. ప్రతి ఆదివారం కూర్చోబెట్టి అఆల నుంచి మొదలుపెట్టాడు. ఆ పిల్ల మొదట్లో ఆవలించింది, విసుక్కుంది, తర్వాత పౌరుషానికి పోయి పట్టుకుంది. రెండేళ్లు తిరిగేసరికి ఏ కాగితం ఇచ్చినా గడగడా చదివేసింది. నూకయ్య ఆ రోజు వీధంతటికీ జిలేబీ పంచాడు.

ఈ ఏటి నాటకం పేరు 'ఒడ్డు'. ముసలి జాలరి పడవని కొడుకులు ఆయనకి చెప్పకుండా అమ్మేస్తారు. చివర్లో ఆయన ఒక్కడే నిలబడి గుండెలో ఉన్నదంతా కక్కేస్తాడు. ఆ వేషం నూకయ్యకేనని గోపినాథ్ అందరి ముందూ ప్రకటించాడు. సుష్మ పుస్తకం పట్టింది. చిన్నమ్మి తలపాగా కోసం పాత పంచె ఉతికి గంజి పెట్టింది. ఇన్నేళ్లూ పెద్ద వేషాలన్నీ కట్టి, ఈసారి ఏ వేషమూ లేని బాబ్జీ మాత్రం, ఎందుకైనా మంచిదని ముసలాడి మాటలు తన హిందీ అక్షరాల్లో రాసిపెట్టుకున్నాడు.

ఉగాది ఇంకా ఆరు రోజులుందనగా, జాలరి కూతురి వేషం కట్టే అమ్మాయికి చెన్నైలో ఉద్యోగం దొరికింది. విమానం ఎక్కేసింది. గోపినాథ్ తల పట్టుకున్నాడు. ఆరు రోజుల్లో అంత వేషం నేర్వాలంటే పుస్తకం చూసి చదవగలిగినవాళ్లే నేర్వాలి. అందరూ సుష్మ వైపు తిరిగారు.

తర్వాతి మాట ఏమిటో నూకయ్యకి ముందే తెలిసిపోయింది.

"ఏటనుకోకు భయ్యా," అన్నాడు గోపినాథ్. "పుస్తకం మల్లీ నువ్వే పట్టాల. ముసిలోడి యేషం బాబ్జీకి వచ్చు. ఒక్క సాల్, బస్. వచ్చే ఏడు పక్కా నీదే."

"పెదనానా, నేను చెయ్యనని చెప్పేస్తాను," అంది సుష్మ మెల్లగా. నోరు అలా అంటోంది గానీ ఆ పిల్ల మొహంలో ఆశ కనబడుతూనే ఉంది. ఆ ఆశ ఎలా ఉంటుందో నూకయ్యకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"సెయ్యమ్మా. బాగా సెయ్యి," అన్నాడు. గోపినాథ్‌తో "జానే దో" అన్నాడు.

ఇంటికొచ్చాక గంజి పెట్టిన పంచె కంటబడింది. కోపం ఆపుకోలేక దాన్ని ఉండచుట్టి ట్రంకుపెట్టె వెనక పడేశాడు. "రెండేళ్లు కూకోబెట్టి నేర్పినాను సిన్నమ్మీ. నా గొయ్యి నానే తవ్వుకున్నాను." చిన్నమ్మి పంచె తీసి మళ్లీ మడతపెట్టింది.

ఉగాది సాయంత్రం ఐదింటికల్లా హాలు నిండింది. సుష్మ అదరగొట్టింది, దానికి వంక పెట్టలేం. చివరి ఘట్టంలో బాబ్జీ మధ్యకొచ్చి చెయ్యెత్తాడు, నోరు తెరిచాడు, అంతే. నూకయ్య మొదటి మాట అందించాడు. బాబ్జీ అందుకోలేదు. మళ్లీ అందించాడు. బాబ్జీ తెర వైపు బిక్కమొహం వేసుకుని చూశాడు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి.

నూకయ్య పుస్తకం మూసేశాడు. ముసలి జాలరి మాటలకి ఆయనకి పుస్తకం అక్కర్లేదు.

"నమ్మాను. అదే నేను చేసిన పాపం. రేపు అన్నారు, రేపటి కోసం ఉన్నాను. వచ్చే ఏడు అన్నారు, కళ్లు కాయలు కాసేలా చూశాను. నా ఆశ మీద మీరు నీళ్లు పోస్తుంటే, పోనీలే, నావాళ్లే కదా అని చెంబు నేనే అందించాను. మీరు అమ్మింది పడవ కాదురా. మీరు నావాళ్లన్న భ్రమ అమ్మేశారు. అది కాస్తా పోయాక, ఈ ఒడ్డున ఇంక నాకేం పని?"

గొంతు తగ్గించాలన్న సంగతే మరిచిపోయాడు. పక్కనే ఉన్న మైకు ఆ గొంతుని హాలంతా పంచిపెట్టింది. బాబ్జీ తెలివైనవాడు. పెదాలు కదిపాడు, చేతులాడించాడు, చివర్లో మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. గోపినాథ్ స్టేజీ మీదికొచ్చి బాబ్జీకి శాలువా కప్పాడు.

బాబ్జీ చెమటలు తుడుచుకుంటూ తెర పక్కకి వచ్చాడు. "బచా లియా భయ్యా, పరువు నిలబెట్టేసినావు. గానీ నీ గొంతు కొంచెం ఎక్కువైపోనాది. వచ్చే ఏడు జర ధీరే అందించు."

వచ్చే ఏడు కూడా అందించడమే అన్నమాట. అప్పుడే అందరూ అనేసుకున్నారు. "జానే దో" నూకయ్య నాలుక చివరిదాకా వచ్చింది. ఈసారి దాన్ని బయటికి రానివ్వలేదు.

"నమ్మినాను బాబ్జీ," అన్నాడు. "ఇరవై రెండేళ్లు మిమ్మల్ని నమ్మినాను."

బాబ్జీ శాలువా సర్దుకుంటూ ఆయన భుజం తట్టాడు. "ఆ సీను అయిపోనాది గదా భయ్యా. ఇంక తెర దించేయి."

నూకయ్య తాడు విప్పి తెర దించాడు.